బిడ్డ కంటే ఒక నెల ముందుండాలి: మొదటి ఏడాది ఇంట్లో ప్రమాదాలు జరగకుండా ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

పసిపిల్లలకు ఇంట్లో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి ఒకే మూలం ఉంటుంది. నిన్నటిదాకా చేయని పని బిడ్డ ఇవాళ చేస్తుంది. నిన్నటిదాకా మంచం మధ్యలో పడుకోబెడితే అక్కడే ఉన్న బిడ్డ ఇవాళ దొర్లుతుంది. అందని కప్పు అందుతుంది. ఇల్లు మాత్రం నిన్నటి బిడ్డకు తగ్గట్టే సర్ది ఉంటుంది. కాబట్టి ఏ మార్పయినా బిడ్డకు ఆ పని రావడానికి ఒక నెల ముందే చేసి పెట్టుకోవాలి. కింద చెప్పినవన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

"మేం కళ్లలో పెట్టుకుని చూసుకుంటాం" అనేది భద్రతా ఏర్పాటు కాదు. ఎంత జాగ్రత్త ఉన్నవాళ్లకైనా కునుకు పడుతుంది, తలుపు చప్పుడవుతుంది, ఫోన్ మోగుతుంది. ఆ ఒక్క నిమిషంలో కూడా ప్రాణాపాయం రాకుండా ఇంటిని సిద్ధం చేయడమే అసలు పని.

పుట్టకముందే: పడుకునే చోటు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ దీని మీదే పెట్టాలి. నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశు మరణాల్లో సుమారు 90 శాతం మొదటి ఆరు నెలల్లోనే జరుగుతాయి. వాటిలోనూ రెండు నుంచి నాలుగు నెలల మధ్య ముప్పు మరీ ఎక్కువ. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని దేశవ్యాప్తంగా ప్రచారం మొదలయ్యాక ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఖర్చు లేని మార్పు అది.

తొట్టి మంచాన్ని ఇలా పరీక్షించండి. కటకటాల మధ్య సందు 6 సెం.మీ. మించకూడదు. అంతకంటే వెడల్పుంటే ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది. పరుపుకీ మంచం అంచుకీ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉంటే ఆ పరుపు ఆ మంచానికి సరిపోదన్నమాట. పరుపు మీద అరచేత్తో గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే పోవాలి. చెయ్యి తీసినా అచ్చు మిగిలితే, ముఖం అటు తిరిగినప్పుడు ముక్కు అందులో కూరుకుపోతుంది. పరుపు మీద బిగుతుగా తొడిగిన ఒక్క దుప్పటి చాలు. దిండు, బొంత, మెత్తటి బొమ్మ, కటకటాలకు కట్టే మెత్తలు వద్దు. తల కొట్టుకోకుండా మెత్తలు కడతారు గానీ, తలకు తగిలే చిన్న దెబ్బ కంటే మెత్తకు ముఖం ఆనడం చాలా ఎక్కువ ప్రమాదం.

ప్రతి నిద్రకూ, పగలైనా రాత్రైనా, వెల్లకిలానే పడుకోబెట్టండి. పక్కకు తిప్పి పడుకోబెడితే బోర్లా పడటం తేలిక. పాలు కక్కితే ఊపిరి అడ్డుకుంటుందన్న భయం చాలామందిలో ఉంటుంది. నిజానికి జరిగేది దానికి వ్యతిరేకం. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. వెనక్కి వచ్చిన పాలు కిందనే ఉండిపోతాయి, పైకెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా ఉంటే గాలిగొట్టం కిందికి వస్తుంది, పాలు నేరుగా అందులోకి జారవచ్చు. పాలు కక్కే పిల్లలకు కూడా తలవైపు ఎత్తు పెట్టొద్దు. ఏటవాలు పక్క మీద బిడ్డ కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆని, సన్నటి గాలిగొట్టం మడత పడుతుంది. కారు సీటు, ఊపే కుర్చీ నిద్రపోయే చోట్లు కాకపోవడానికీ కారణం ఇదే. ప్రయాణంలో నిద్రపోతే, ఇల్లు చేరగానే బయటికి తీసి చదునైన పక్క మీదకు మార్చండి.

మొదటి ఆరు నెలలైనా బిడ్డ తొట్టి మీ గదిలో, మీ మంచం పక్కనే ఉండాలి. గది ఒకటే, పక్కలు మాత్రం వేరు. రాత్రి పాలిస్తూ నిద్ర ముంచుకొస్తుందనిపిస్తే సోఫాలోగానీ మెత్తటి కుర్చీలోగానీ కూర్చోవద్దు. నిద్రపోవడానికి వాటికంటే ప్రమాదకరమైన చోటు మరొకటి లేదు. బిడ్డ దిండుకీ ఒంటికీ మధ్య చిక్కుకుంటుంది. దిండ్లు, దుప్పట్లు తీసేసిన మంచం మీద కూర్చుని పాలివ్వండి, మెలకువ రాగానే తొట్టిలోకి మార్చండి. ఇద్దరిలో ఎవరైనా పొగ తాగినా, మద్యం తాగినా, మత్తు కలిగించే మందు వేసుకున్నా, లేదా బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, తక్కువ బరువుతో పుట్టినా పక్కలో పడుకోబెట్టుకోవడం అసలే కుదరదు.

వేడెక్కడం కూడా ముప్పే. మీరు వేసుకున్నదానికంటే ఒక పొర ఎక్కువ ఉంటే చాలు. చల్లగా ఉందో వెచ్చగా ఉందో మెడ వెనక తాకి చూడండి. చేతులు, పాదాలు ఎప్పుడూ చల్లగానే తగులుతాయి, వాటిని నమ్మి ఇంకో చొక్కా వేయొద్దు. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసేయాలి. పిల్లలు తల ద్వారానే ఎక్కువ వేడి వదులుతారు. ఊపిరిని, గుండెను గమనిస్తామని చెప్పుకునే సాక్సు పరికరాలు వీటిలో దేనికీ ప్రత్యామ్నాయం కావు.

మొదటి మూడు నెలలు: చేతులు, ఎత్తులు, ఏడుపు

దొర్లడం రాని బిడ్డ కూడా కాళ్లు తన్నుకుంటూ, వీపు వంచుతూ మంచం అంచుకు చేరగలదు. డైపర్ మార్చడానికి నేల మీద పరిచిన చాపకు మించిన చోటు లేదు. బల్ల మీదే మార్చాలనుకుంటే కావలసినవన్నీ ముందే చేతికందేలా పెట్టుకుని, పని అయ్యేదాకా ఒక చెయ్యి బిడ్డ మీదే ఉంచాలి. కారు సీటునో, ఊపే కుర్చీనో బల్ల మీద పెట్టడం మరో పొరపాటు. బిడ్డ కదలికకే అది కొద్దికొద్దిగా జరిగి అంచు దాటుతుంది. వాటి చోటు నేల.

పుట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఏడుపు తారస్థాయికి చేరుతుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఏం చేసినా ఆగని ఏడుపుకు ఓపిక నశించే క్షణం ఎవరికైనా వస్తుంది. అప్పుడు బిడ్డను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటికి వెళ్లి, అయిదు పది నిమిషాలు ఊపిరి పీల్చుకుని రండి. తొట్టిలో ఏడ్చినందువల్ల ఏమీ కాదు. పట్టుకుని బలంగా కుదిపితే మాత్రం మెదడు పుర్రెకు కొట్టుకుని రక్తనాళాలు తెగుతాయి, చూపు పోవచ్చు, ప్రాణం పోవచ్చు. బిడ్డను ఎవరి దగ్గర వదిలినా ఈ మాట చెప్పి మరీ వెళ్లండి.

కారణం దొరకని ఏడుపైతే మరొకటి చూడాలి. సాక్సులు, చేతి తొడుగులు విప్పి ప్రతి వేలూ పరిశీలించండి. ప్రసవమైన కొన్ని నెలలకు తల్లికి జుట్టు బాగా రాలుతుంది. ఒక్క వెంట్రుక కాలి వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగి వేలు వాస్తుంది, ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది. వాపులో వెంట్రుక కనపడకుండా పూడిపోతుంది. తేలిగ్గా రాకపోతే లాగి తెంపబోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తొడుగులను తిరగేసి చూశాకే వేయండి.

మెడలో తాడు, గొలుసు, పూసలు వద్దు. పాలపీకను దారంతో మెడకు కట్టవద్దు. ఊపిరాడకుండా చేయడానికి సన్నటి దారమైనా చాలు.

వేడి నీళ్లు, వేడి కప్పులు

పసివాళ్ల కాలిన గాయాలకు మంట కంటే ఎక్కువగా వేడి ద్రవాలే కారణం. వాళ్ల చర్మం మనకంటే పలచన. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే అయిదారు సెకన్లలో లోతుగా కాలుస్తాయి. అదే 49 డిగ్రీలైతే కొన్ని నిమిషాలు పడుతుంది, చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. గీజర్‌కు ఉష్ణోగ్రత మార్చే మీట ఉంటే 49 డిగ్రీలకు మించకుండా పెట్టండి.

స్నానానికి ముందు చన్నీళ్లు పోసి, తర్వాతే వేడి నీళ్లు కలపాలి. ఈ వరుస మారకూడదు. ముందు వేడి నీళ్లు పోసి చన్నీళ్ల కోసం అటు తిరిగినప్పుడే చెయ్యి పడుతుంది. చేత్తో అడుగుదాకా కలియబెట్టి, మోచేత్తో చూడండి. వేడిగా కాకుండా గోరువెచ్చగా అనిపించాలి, అంటే సుమారు 37 డిగ్రీలు.

టీ, కాఫీ పోసి పావుగంట అయినా ఒళ్లు కాల్చగలవు. బిడ్డ ఒళ్లో ఉండగా వేడివేడిగా ఏదీ తాగొద్దు, బిడ్డను కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడొద్దు. పాత్రల పిడులు గోడవైపు తిప్పి, వీలైతే వెనక పొయ్యి మీదే వండండి. బల్ల మీద వేలాడే గుడ్డ తీసేయండి. లాగడం వచ్చిన బిడ్డకు అదొక తాడు. కెటిల్, ఇస్త్రీపెట్టె తీగలు అంచు దిగి వేలాడకూడదు. పాలను మైక్రోవేవ్‌లో వేడి చేస్తే సీసా బయట గోరువెచ్చగా ఉన్నా లోపల అక్కడక్కడా మరిగేంత వేడి ఉంటుంది. గిన్నెలో వేడి నీళ్లు పోసి సీసాను అందులో ఉంచడమే మేలు.

కాలితే వెంటనే ఆ చోటును పారే చల్లటి నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. అయిదు నిమిషాలకే ఆపేస్తారు చాలామంది, అది చాలదు. ఈలోగా ఒంటికి అంటుకోని బట్టలు, డైపర్ తీసేయాలి, అవి వేడిని పట్టి ఉంచుతాయి. మిగతా ఒళ్లు వెచ్చగా కప్పి ఉంచండి. ఐసు, పేస్టు, నూనె, వెన్న, పసుపు ఏదీ పూయొద్దు. శుభ్రమైన, అంటుకోని పలచటి ప్లాస్టిక్ పొర వదులుగా కప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏడాది లోపు బిడ్డకు ఎంత చిన్న బొబ్బ వచ్చినా డాక్టరు చూడాల్సిందే.

నాలుగో నెల: బోర్లా పడకముందే

చేతులు కలిపి బిగుతుగా గుడ్డ చుట్టే అలవాటుంటే, దొర్లడానికి ప్రయత్నం మొదలవగానే మానేయాలి. సాధారణంగా మూడు, నాలుగు నెలలకే. చుట్టిన గుడ్డతో బోర్లా పడితే తల తిప్పడానికి చేతుల సాయం ఉండదు. రెండువైపులా దొర్లడం వచ్చాక వెల్లకిలా పడుకోబెట్టి వదిలేస్తే చాలు, నిద్రలో బోర్లా తిరిగినప్పుడల్లా లేచి సరిచేయనక్కర్లేదు. కూర్చోవడం రాకముందే పరుపును ఒక మెట్టు దించండి. నిలబడేనాటికి అట్టడుగుకు దించాలి, కటకటాల పైఅంచు బిడ్డ ఛాతీ కంటే పైనే ఉండాలి. తొట్టి పైన వేలాడదీసిన బొమ్మలు కూడా ఈలోపే తీసేయాలి.

ఆరో నెల: నేల మీద పడుకుని ఇంటిని చూడండి

పాకడం మొదలుకాకముందు ఒకరోజు నేల మీద బోర్లా పడుకుని ప్రతి గదినీ చూడండి. సోఫా కింద నాణెం, మంచం కాలి దగ్గర మాత్ర, తలుపు వెనక రబ్బరు బిరడా నిలబడితే కనపడవు. కొలతకు టాయిలెట్ కాగితం చుట్ట లోపలి అట్ట గొట్టం వాడండి. అందులోంచి జారిపడే వస్తువు ఏదైనా బిడ్డకు అందకూడదు. స్ప్రింగు తలుపు అడ్డు చివర ఉండే రబ్బరు టోపీ, పెన్ను మూత, పగిలిన బెలూను ముక్క ఎక్కువగా మరిచిపోయేవి. బెలూను ముక్క గొంతులో పరుచుకుని మూత వేస్తుంది, దాన్ని బయటికి తీయడం చాలా కష్టం.

అన్నిటిలోకీ భయపడాల్సింది బటన్ సెల్, అంటే చిన్న నాణెంలా ఉండే బ్యాటరీ బిళ్ల. రిమోట్లు, కారు తాళం, వంటింటి త్రాసు, థర్మామీటరు, పాట పాడే కార్డులు, వెలిగే బొమ్మలు, వినికిడి యంత్రాలు వీటి నిలయాలు. 20 మి.మీ. వెడల్పున్న లిథియం బిళ్లలు మరీ ప్రమాదం, ఎందుకంటే పసిబిడ్డ అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే కొలత అది. లోపలి తడి వల్ల బిళ్ల రెండు ధ్రువాల మధ్య కరెంటు పారుతుంది, రుణధ్రువం దగ్గర ఘాటైన క్షారం పుడుతుంది. అది రెండు గంటల్లోనే అన్నవాహిక గోడను కాల్చి చిల్లు పెట్టగలదు. వాడి పారేసిన బిళ్లలో కూడా అందుకు సరిపడా శక్తి మిగిలి ఉంటుంది. మింగిన సంగతి ఎవరూ చూడకపోతే చొంగ కారడం, పాలు తాగనని మొండికేయడం, దగ్గు, ఊపిరిలో శబ్దం తప్ప మరేమీ కనపడకపోవచ్చు. ఒక్కోసారి అవీ ఉండవు. అనుమానం చాలు, నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. వాంతి చేయించొద్దు, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వొద్దు. తేనె పట్టించమన్న సలహా ఏడాది దాటినవాళ్లకే, పసివాళ్లకు కాదు. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా అంతే అత్యవసరం. ఇంట్లో బిళ్ల మూతకు స్క్రూ లేని వస్తువులన్నీ పైకి చేర్చండి. వాడేసిన బిళ్లకు రెండువైపులా టేపు అంటించి అప్పుడే ఇంటి బయటికి పంపండి.

చిన్న అయస్కాంతాలు ఒకటికి రెండు మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని చిల్లు పెడతాయి. నీటిలో ఉబ్బే పూసలు కడుపులోనూ ఉబ్బుతాయి. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఈ రెండూ ఉండకూడదు.

మందుల విషయంలో చాలామంది డబ్బాలోవి దాస్తారు, సంచిలోవి మరిచిపోతారు. అతిథి చేతిసంచి, దిండు కింద పెట్టుకున్న తాతయ్య బీపీ, షుగరు మాత్రలు, బాలింత వేసుకునే ఐరన్ మాత్రలు చాలా తేలిగ్గా అందుతాయి. ఈ వయసులో ఇలాంటివి కొన్ని మింగినా ప్రాణం మీదకు రావచ్చు. తాళం వేసిన పెట్టెలో, పెద్దవాళ్ల తల ఎత్తున ఉంచండి. కిరోసిన్, పెయింట్ థిన్నర్, ఫినాయిల్‌ను నీళ్ల సీసాల్లో పోయొద్దు. కర్పూరం, కలరా ఉండలు కూడా విషాల జాబితాలోనివే, కర్పూరం కొద్దిగా మింగినా మూర్ఛ రావచ్చు. ఏది మింగినా వాంతి చేయించకండి, కిరోసిన్ విషయంలో మరీ. అది పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అసలు నష్టం అక్కడే. నోట్లో మిగిలింది తుడిచి, సీసా లేదా మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.

కరెంటు సంగతి: కింది సాకెట్లకు లోపలే మూసుకునే రకం పెట్టించడం మేలు. విడిగా దూర్చే ప్లాస్టిక్ మూతలు ఊడివస్తే అవే గొంతుకు అడ్డం పడతాయి. ఫోన్ తీసేశాక ఛార్జరు తీగను సాకెట్లో వదలొద్దు, దాని కొస నేరుగా బిడ్డ నోట్లోకి వెళుతుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఇంటి బోర్డులో ఉందో లేదో చూసుకుని, దాని టెస్ట్ మీట నొక్కి పనిచేస్తోందని నిర్ధారించుకోండి.

నీళ్లు

అయిదు సెం.మీ. లోతు నీళ్లలో పసిబిడ్డ మునిగిపోగలదు. చప్పుడు ఉండదు, చేతులు కొట్టుకోవడం ఉండదు. బకెట్ ఎందుకంత ప్రమాదమంటే, బిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. అంచు పట్టుకుని లోపలికి వంగితే తలకిందులుగా పడుతుంది, నీళ్లున్న బకెట్ పక్కకు ఒరగదు, లేవడానికి చేతుల్లో బలం చాలదు. పని కాగానే బకెట్లు, టబ్బులు ఖాళీ చేసి బోర్లించాలి. నీళ్లు నిల్వ పెట్టక తప్పకపోతే బిగుసుకునే మూత ఉండాలి. స్నానాల గది తలుపుకు పెద్దవాళ్ల ఎత్తులో బయటి గడియ పెట్టించండి.

స్నానం చేయించేటప్పుడు బిడ్డ మీ చేతికందే దూరంలోనే ఉండాలి. తువ్వాలు మరిచిపోతే బిడ్డను ఎత్తుకునే వెళ్లండి. టబ్బులో కూర్చోబెట్టే పీటలు, రింగులు మన సౌకర్యానికే, అవి బిడ్డను కాపాడవు. మూడేళ్ల అక్కకో అన్నకో "కాసేపు చూస్తుండు" అని అప్పగించవద్దు.

తొమ్మిదో నెల: లేచి నిలబడ్డాక

పట్టుకుని లేవడం మొదలైతే ప్రతి సామానూ నిచ్చెనే. పుస్తకాల బీరువా, సొరుగుల అల్మరా, టీవీ బల్లలను ఎల్ ఆకారపు బిగింపులతో గోడకు స్క్రూ చేయండి. గోడ ఇటుకదైతే ప్లగ్గు వేసి స్క్రూ, చెక్క గోడైతే లోపలి దూలానికే. పైపూతకు వేసిన స్క్రూ లాగితే ఊడిపోతుంది. బరువైనవి కింది సొరుగుల్లో పెట్టి, రిమోటు, బొమ్మ లాంటి ఊరించే వస్తువుల్ని పైన ఉంచొద్దు.

మెట్ల పైభాగంలో గోడకు స్క్రూలతో బిగించిన గేటే ఉండాలి. ఒత్తిడితో నిలబడేది కింది చివరకు సరిపోతుంది గానీ, పైన అయితే బిడ్డ ఆనుకోగానే గేటుతో సహా కిందికి వస్తుంది. కిటికీలు 10 సెం.మీ. మించి తెరుచుకోకుండా ఆపు పెట్టండి. దోమతెర బిడ్డ బరువును ఆపదు. తెరల తాళ్లను నేల నుంచి కనీసం 1.5 మీటర్ల ఎత్తున కట్టేయండి. కిటికీ పక్కన తొట్టి, కుర్చీ ఉండకూడదు.

చక్రాల వాకర్ కొనొద్దు, బహుమతిగా వస్తే మూల పడేయండి. సెకనుకు ఒక మీటరు పైగా వేగంతో అది బిడ్డను మెట్ల దాకా, పొయ్యి దాకా తీసుకెళుతుంది. పక్కనే ఉన్నా పట్టుకోలేరు. నడక త్వరగా రావడానికి కూడా అది పనికిరాదు. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. బల్లల మూలలకు అంటించే రబ్బరు ముక్కలైతే మీ ఇష్టం. బొప్పి కడుతుంది, తగ్గుతుంది. ఆ ముక్కలే ఊడి నోట్లోకి పోకుండా చూసుకోండి.

తిండి, గొంతుకు అడ్డం పడటం

నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని తినిపించండి. నవ్విస్తూ, ఆడిస్తూ, పాకుతుంటే వెంటపడుతూ పెట్టొద్దు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. అడ్డంగా కోస్తే మిగిలేది గొంతుకు సరిపోయే బిళ్లే. పచ్చి క్యారట్, ఆపిల్ ఉడికించి మెదపండి. వేరుశనగ, బాదం లాంటి గింజలు పలుకులుగా నాలుగైదేళ్ల దాకా వద్దు. తేనె ఏడాది నిండేదాకా చుక్కయినా వద్దు. అందులో ఉండగల, బొట్యులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు పసి పేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఇంట్లో వేడి చేసినంత మాత్రాన అవి చావవు.

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే, ఏడుస్తుంటే అది పొలమారడమే. కనిపెట్టి ఉండండి, దగ్గనివ్వండి. శబ్దం ఆగిపోయి, ముఖం నీలంగా మారుతుంటే గొంతు మూసుకుపోయిందన్నమాట. వెంటనే ఇలా చేయండి:

1. కూర్చుని, బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టండి. తల ఛాతీ కంటే కిందికి ఉండాలి, మీ వేళ్లు దవడ ఎముకను పట్టుకోవాలి, గొంతును కాదు.
2. రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచండి. ప్రతి దెబ్బా విడిగా ఉండాలి.
3. రాకపోతే తల కిందికే ఉంచి వెల్లకిలా తిప్పండి. చనుమొనల గీతకు కాస్త కింద, ఛాతీ ఎముక మీద అరచేతి మడమతో గానీ రెండు వేళ్లతో గానీ 5 సార్లు నొక్కండి.
4. వస్తువు బయటపడేదాకా 5, 5 చొప్పున మార్చి మార్చి చేయండి. రెండో మనిషి ఉంటే వెంటనే అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి.

ఏడాది లోపు బిడ్డకు పొట్ట మీద నొక్కకూడదు, కాలేయం చితికిపోతుంది. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. కంటికి కనపడితేనే తీయండి.

బిడ్డ స్పృహ తప్పితే గట్టి చోట పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టాలి. ఛాతీ మందంలో మూడో వంతు, అంటే సుమారు 4 సెం.మీ. లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కండి. నోట్లో వస్తువు కనపడుతోందేమో చూసి, మీ నోటితో బిడ్డ నోరూ ముక్కూ కలిపి మూసి, ఛాతీ లేచేంత మాత్రమే 2 సార్లు ఊదండి. మళ్లీ 30. ఒంటరిగా ఉంటే ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టి చేస్తూనే మాట్లాడండి.

వస్తువు బయటికి వచ్చి బిడ్డ మామూలుగా ఏడ్చినా ఆసుపత్రిలో చూపించాలి. చిన్న ముక్క ఊపిరితిత్తుల్లో మిగిలిపోతే కొన్ని రోజులకు జ్వరంగా, దగ్గుగా బయటపడవచ్చు. ఛాతీ నొక్కినప్పుడు లోపల దెబ్బ తగిలిందేమో కూడా చూస్తారు. ఇక చెయ్యి ఎంత బలంగా నొక్కాలన్నది చదివితే వచ్చేది కాదు. బిడ్డ తిండి మొదలుపెట్టే ఆరో నెలలోపే, బిడ్డను ఒంటరిగా చూసుకునే ప్రతి మనిషీ శిక్షణ బొమ్మ మీద ఒక్కసారైనా చేసి చూడాలి.